మెత్తబడిన బ్రేక్ పెడల్, దాని వెనక మూడు జబ్బులు

శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టై రేసు ట్రాక్ మీద, మూడో విడత నాలుగో రౌండులో, మెయిన్ స్ట్రెయిట్ చివర నేను బ్రేకు మీద కాలు వేసినప్పుడు పెడల్ ఎప్పుడూ ఆగే చోట ఆగకుండా ఇంకో అంగుళంన్నర కిందికి జారిపోయింది. కారు ఆగలేదని కాదు, ఆగింది, కాని నేను అనుకున్న చోటుకు చాలా ముందుకు పోయి ఆగింది. కాలు ఎత్తి గబగబా రెండుసార్లు తొక్కితే పెడల్ కాస్త పైకి వచ్చింది. గేరు తగ్గించి, మలుపును వెడల్పుగా తీసుకుని, మిగిలిన రౌండంతా బ్రేకును దాదాపు ముట్టకుండా నడిపి, పిట్‌లోకి తెచ్చి నిలబెట్టాను. హ్యాండ్ బ్రేకు వేయలేదు. అంత వేడి మీద ప్యాడ్లు చక్రంతో పాటు తిరిగే డిస్కును పట్టుకుని ఉంటే పట్టుకున్న చోటే మచ్చ పడుతుందన్న విషయం మాత్రం అప్పటికే తెలుసు.

కారు స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్, 2017లో మన దేశానికి వచ్చిన 230 హార్స్‌పవర్ రకం. విశాఖపట్నంలో ఉండే మొదటి యజమాని దగ్గర కొన్నాను. ఇంజను, గేర్‌బాక్సు, టైర్లు అన్నీ చూపించుకుని కొన్నవాణ్ని, సర్వీసు పుస్తకంలో బ్రేక్ ఆయిల్ మార్చినట్టు ఒక్క ముద్ర కూడా లేదన్న సంగతి మాత్రం చూసీ చూడనట్టు వదిలేశాను. కనుక ఈ కథలో కారు తప్పేమీ లేదని ముందే చెప్పడం న్యాయం.

ఆ రోజు నుంచి పెడల్ మళ్లీ తన చోటుకు రావడానికి ఏడు వారాలు పట్టింది. పెడల్ మెత్తదనం జ్వరం లాంటి లక్షణమని, దాని వెనక ఉన్న జబ్బు ఏదైనా కావచ్చునని ఆ ఏడు వారాల్లో నాకు బోధపడింది. జ్వరం వచ్చిన ప్రతివాడికీ ఒకే మాత్ర ఇచ్చినట్టు, పెడల్ మెత్తబడిన ప్రతి కారుకూ బ్రేకు గొట్టాల్లోంచి గాలి తీయడమే మందని అందరం అనుకోవడం వల్లనే నా వ్యవహారం అంత దూరం సాగింది.

బ్రేకు తొక్కడమంటే వేగాన్ని వేడిగా మార్చడం. నాతో కలిపి కారు బరువు 1,500 కిలోలు అనుకుంటే, గంటకు 160 కిలోమీటర్ల వేగం నుంచి 80కి దిగడానికి దాదాపు 11 లక్షల జౌళ్ల శక్తిని వదిలించుకోవాలి. మూడున్నర లీటర్ల పైచిలుకు నీళ్లను మామూలు వేడి నుంచి మరిగే దాకా కాచడానికి ఆ శక్తి చాలు. గాలి ఒరిపిడికీ ఇంజనుకూ కొంత పోగా మిగిలిన సింహభాగం డిస్కుల్లోకి, అందులోనూ ముందు డిస్కుల్లోకి దిగుతుంది. రోడ్డు మీద ఇంత గట్టి బ్రేకు ఎప్పుడో ఒకసారి పడుతుంది, తరువాత చల్లారడానికి కావలసినంత సమయం ఉంటుంది. 3.7 కిలోమీటర్ల పొడవున 12 మలుపులున్న ఆ ట్రాక్ మీద మాత్రం ఒక మలుపు వేడి తగ్గకముందే ఇంకొకటి వస్తుంది. డిస్కులు 500, 600 డిగ్రీల దాకా పోవడం ట్రాక్ మీద వింతేమీ కాదు. ఆ వేడి ప్యాడ్ వెనక ఉన్న ఇనుప రేకు గుండా, పిస్టన్ గుండా పాకి, ప్యాడ్లను డిస్కుకు నొక్కే కాలిపర్‌లోని బ్రేక్ ఆయిల్‌ను చేరుతుంది.

మనం ఆయిల్ అంటున్నామే కాని అది నూనె కాదు. గ్లైకాల్ జాతికి చెందిన ద్రవం; తేమను పీల్చుకోవడం దాని స్వభావం. డబ్బా మూత దగ్గరి నుంచే కాక రబ్బరు పైపుల గోడల గుండా కూడా గాలిలోని తేమ ఏళ్ల తరబడి అందులోకి చేరుతూ ఉంటుంది. బ్రేక్ ఆయిళ్లకున్న డాట్ 4 ప్రమాణం ప్రకారం కొత్త ఆయిల్ మరిగే స్థానం 230 డిగ్రీలకు తగ్గకూడదు. అదే ఆయిల్‌లో 3.7 శాతం నీరు చేరినప్పుడు ఆ హద్దు 155 డిగ్రీలు. రెండేళ్లకొకసారి మార్చమని కంపెనీలు చెప్పేది ఇందుకే. సముద్రపు గాలి తగిలే ఊళ్లో ఏళ్ల తరబడి తిరిగి, ఒక్కసారి కూడా మార్పునకు నోచుకోని నా కారు ఆయిల్ అప్పటికి ఎంత నీరు తాగి ఉంటుందో ఊహించుకోవచ్చు.

ఆయిల్ మరిగితే పుట్టే ఆవిరి ఎంత కొంచెమైనా పెడల్‌కు అది చాలా ఎక్కువ. లెక్క వేసి చూస్తే తెలుస్తుంది. పెడల్ తొక్కగానే ఆయిల్‌ను చక్రాల వైపు నెట్టే మాస్టర్ సిలిండర్ లోపలి వ్యాసం 22 మి.మీ., పెడల్ నిష్పత్తి 5, అంటే పిస్టన్ ఒక మి.మీ. కదలడానికి పెడల్ 5 దిగాలి, అనుకుందాం. సిలిండర్‌లోని పిస్టన్ ఒక సీసీ ఆయిల్‌ను నెట్టడానికి సుమారు 2.6 మి.మీ. కదలాలి, పిస్టన్ అంత కదలాలంటే కాలి కింద పెడల్ 13 మి.మీ. దిగాలి. ద్రవం నొక్కితే నలగదు కనుకనే పాస్కల్ చెప్పిన సూత్రం మీద ఈ ఏర్పాటంతా నడుస్తోంది. ఆవిరి గాని గాలి గాని నొక్కగానే నలిగిపోతుంది. అంటే ఎక్కడో ఒక కాలిపర్ మూలలో ఒక్క సీసీ ఆవిరి చేరితే, పెడల్ అర అంగుళం దిగేదాకా బ్రేకుకు సంబంధించిన పనేమీ జరగదన్నమాట. మూడు సీసీలు చేరితే ఏమవుతుందో నేను ఆ మలుపు ముందు స్వయంగా చూశాను.

ఇక్కడ చాలామంది పొరబడే ఒక సంగతి ఉంది. ట్రాక్ మీదో ఘాట్ రోడ్డు దిగుతున్నప్పుడో బ్రేకు పట్టు తప్పితే అందరూ ఒకే మాట అంటారు, బ్రేకులు ఫెయిలయ్యాయి అని. అందులో రెండు రకాలున్నాయి. పెడల్ ఎప్పటిలాగే గట్టిగా, పైనే ఉండి, ఎంత బలంగా తొక్కినా కారు ఆగడం లేదంటే ప్యాడ్లు తాళగలిగిన వేడి దాటిపోయిందని అర్థం. అప్పుడు ఆయిల్ మార్చి లాభం లేదు, ప్యాడ్ల రకం మార్చాలి. పెడల్ మెత్తబడి కిందికి దిగిపోతుంటే ఆ తప్పు ప్యాడ్‌ది కాదు, పెడల్‌కూ ప్యాడ్‌కూ మధ్య ఉన్నదానిది. పెడల్ బండరాయిలా మారి తొక్కడానికే కష్టమైతే అది కాలి బలాన్ని పెంచే బూస్టర్ జబ్బు, దానితో ఈ వ్యాసానికి సంబంధం లేదు.

పిట్‌లో ఒక గంట ఆగాక పెడల్ దాదాపు మామూలుగా అనిపించింది. ఆవిరి చల్లారి మళ్లీ ద్రవమైపోతుంది కదా, అందుకే ఈ రకం జబ్బు మనిషిని ఇట్టే మోసం చేస్తుంది. పక్క షెడ్డులో ఉన్నవారు తమ దగ్గర మిగిలిన మోతుల్ ఆర్‌బీఎఫ్ 600 సీసా ఇచ్చారు. కొత్తగా ఉన్నప్పుడు 312 డిగ్రీల దాకా మరగని ఆయిల్ అది. ముందు రెండు కాలిపర్ల మీద ఆయిల్ బయటికి వదిలే నిపుళ్లకు పారదర్శకమైన గొట్టం తగిలించి, 11 నంబర్ రింగ్ పానాతో వదులు చేసి, ఒకరు తొక్కుతూ ఒకరు తిప్పుతూ ఆయిల్ తీశాం. ముందుగా బయటికి వచ్చినది ఫిల్టర్ కాఫీ డికాక్షన్ రంగులో ఉంది. దాని వెనకే ఆవగింజంత బుడగలు వరుస కట్టి వచ్చాయి. ఆ గొట్టంలో బుడగలు పైకి పాకుతుంటే చూడటం, సొంత కారులోని అబద్ధాన్ని కళ్లతో చూడటంలా అనిపించింది. ఆ రోజు ఇక ట్రాక్ ఎక్కకుండా, వాహనాల మధ్య ఎడం పెంచుకుని, నెల్లూరు మీదుగా మెల్లగా హైదరాబాద్ చేరాను.

అసలు కథ ఇక్కడి నుంచి. నాలుగు చక్రాల దగ్గరా పాత ఆయిల్ పూర్తిగా తీసేసి కొత్తది పోయమని ఒక వర్క్‌షాప్‌లో ఇచ్చాను. పని జరుగుతున్నంతసేపూ పక్కనే నిలబడ్డాను. కారులో కూర్చున్న కుర్రవాడు పెడల్‌ను ప్రతిసారీ నేలకు ఆనేదాకా, పూర్తి బలంతో, గబగబా తొక్కుతున్నాడు. అలాగే తొక్కాలి కాబోలు అనుకున్నాను. సాయంత్రానికి పెడల్ చక్కగా వచ్చింది, డబ్బు కట్టి ఇంటికి తెచ్చుకున్నాను.

పది రోజుల తరువాత ఒక సిగ్నల్ దగ్గర ఆగి, కాలు తేలిగ్గా పెడల్ మీద పెట్టి ఉంచితే, అది నెమ్మదిగా, దూదిపరుపులో మునిగినట్టు కిందికి దిగడం మొదలుపెట్టింది. గట్టిగా తొక్కితే ఆగింది. వదిలి మళ్లీ తేలిగ్గా పెడితే మళ్లీ దిగింది. వర్క్‌షాప్‌కు తీసుకుపోతే గాలి మిగిలిందేమో అని మళ్లీ ఆయిల్ తీశారు, రెండు రోజులు బాగుంది. మూడోసారి కూడా అదే తంతు. గొట్టంలో ఒక్క బుడగ కూడా రాకపోయినా గాలే అన్నారు. నాలుగోసారి వెళ్లకుండా మా బాబాయికి ఫోన్ చేశాను.

బాబాయి ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసి పదవీ విరమణ చేసినవాడు. విషయమంతా విని, "ఒరేయ్, మా బస్సుల్లో గాలి ఉంటేనే బ్రేకు పడుతుంది, మీ కార్లలో గాలి ఉంటే పడదు, అంతే తేడా. కానీ నీ కారులో గాలి లేదు" అన్నాడు. చూడకుండా ఎలా చెప్పగలిగారని అడిగితే, "గాలి ఉంటే పెడల్ స్ప్రింగులా ఊగుతుంది, ఒక చోటికి వచ్చి ఆగుతుంది. నీది ఆగకుండా దిగుతూనే ఉంది. దిగేది గాలి కాదు, లీకు" అని తేల్చేశాడు. ఇప్పటికి నాలుగు వారాలుగా ఎవరూ అడగని ప్రశ్న అదే: పెడల్ ఎక్కడిదాకా దిగుతోందని అందరూ అడిగారు, ఏ తీరున దిగుతోందని ఎవరూ అడగలేదు.

ఆ ఆదివారం ఆయన మా ఇంటికి వచ్చాడు. ముందు ఒక ఇనుప టేపు తీసుకుని, స్టీరింగ్ కింది అంచు నుంచి పెడల్ ముఖం దాకా దూరం కొలిపించాడు. ఇంజను నడుస్తుండగా పెడల్ గట్టిపడేదాకా తొక్కి మళ్లీ కొలిపించాడు. తేడా 74 మి.మీ. దాన్ని ఒక కాగితం మీద రాయించాడు. కాలికి తోచినదాన్ని నమ్మకూడదనీ, బాగుపడిందో లేదో రేపు కాగితమే చెప్పాలనీ ఆయన పట్టుదల. ఈ చిన్న పని నేను మొదటి రోజే చేసి ఉంటే ఎన్నో వాదనలు తప్పేవి.

తరువాత బయటి లీకు వెతికాం. నాలుగు చక్రాల లోపలి వైపు, పైపుల అతుకులు, బూస్టర్ ముఖానికి మాస్టర్ సిలిండర్ బిగించిన చోటు, అన్నీ పొడిగా ఉన్నాయి. డబ్బాలో ఆయిల్ గీత కూడా తగ్గలేదు. అంటే ఆయిల్ బయటికి పోవడం లేదు, లోపలే ఒక గది నుంచి ఇంకో గదికి జారుతోంది. మాస్టర్ సిలిండర్‌లోని పిస్టన్ మీద రబ్బరు కప్పులుంటాయి. గట్టిగా తొక్కినప్పుడు ఒత్తిడికి వాటి అంచులు విచ్చుకుని గోడను బిగించి పట్టుకుంటాయి, తేలిగ్గా తొక్కినప్పుడు ఆ బిగింపు ఉండదు. అరిగిన కప్పు అప్పుడే ఆయిల్‌ను వెనక్కి జారనిస్తుంది. కనుక ఈ జబ్బును పట్టుకోవడానికి పెడల్‌ను బలంగా తొక్కకూడదు, సిగ్నల్ దగ్గర పెట్టినట్టు సుతారంగా పెట్టాలి. బలంగా తొక్కి చూసి, గట్టిగానే ఉందంటూ మూడుసార్లు కారు తిప్పి పంపిన వర్క్‌షాప్‌లో చేయనిది ఈ ఒక్క పనే.

అయినా అనుమానం మీద పార్టు కొనకూడదన్నాడు బాబాయి. కారును జాకీతో ఎత్తి, నాలుగు స్టాండ్ల మీద నిలిపి, చక్రాలు తీసి, నాలుగు రబ్బరు పైపులనూ నున్నటి దవడలున్న పైపు క్లాంపులతో బిగించాం. పళ్లున్న పట్టకారు వాడితే పైపు లోపలి పొర చిరుగుతుంది. స్టీలు అల్లిక ఉన్న పైపులైతే ఏ క్లాంపూ వేయకూడదు. నా కారువి కంపెనీ రబ్బరు పైపులే కనుక ఇబ్బంది లేకపోయింది. నాలుగూ మూసేశాక, చక్రాల దగ్గరి కాలిపర్లకు పెడల్‌తో సంబంధం తెగిపోయినట్టే. ఇప్పుడు పెడల్ పైనే, రాయిలా ఉండాలి. దబాలున తొక్కితే అలాగే ఉంది. బాబాయి కాలు తేలిగ్గా పెట్టి, గోడ గడియారం వైపు చూస్తూ కూర్చున్నాడు. పావు నిమిషంలో పెడల్ అంగుళం దిగింది. ఆ దిగడం నేను కింద కూర్చుని చూశాను. గోడ మీద నీడ జరిగినట్టు, కదులుతున్నట్టు తెలియకుండానే కదిలింది.

దోషం మాస్టర్ సిలిండర్‌లోనో, దానికీ పైపులకూ మధ్యనుండి చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ యూనిట్‌లోనో ఉందని తేలింది. ఏబీఎస్ యూనిట్‌లోని వాల్వు సరిగా మూసుకోకపోయినా పెడల్ ఇలాగే దిగుతుంది, పైగా దాని ధర వింటే గుండె ఆగుతుంది. అందుకని మాస్టర్ సిలిండర్ నుంచి బయలుదేరే రెండు గొట్టాలనూ విప్పి, ఆ రంధ్రాలకు సరిపోయే మూత బోల్టులు బిగించాం. ఈసారి సిలిండర్ ఒక్కటే మిగిలింది, ఆయిల్ పోవడానికి బయటికి దారే లేదు. బాబాయి మళ్లీ కాలు పెట్టాడు. పెడల్ మళ్లీ దిగింది. ఏబీఎస్ యూనిట్ నిర్దోషి అని రుజువయ్యేసరికి నాకు కలిగిన ఆనందం ఇంతా అంతా కాదు.

కొత్త మాస్టర్ సిలిండర్ వచ్చేదాకా కారు స్టాండ్ల మీదే ఉంది. పాతదాన్ని విప్పి చూస్తే కారణం కనబడింది. రోజువారీ నడకలో పిస్టన్ ఎప్పుడూ సిలిండర్ మొదటి భాగంలోనే తిరుగుతుంది. ఏళ్ల తరబడి అది చేరని మిగతా భాగంలో, పాత ఆయిల్ దిగవిడిచిన గోధుమరంగు మడ్డి వలయంలా పేరుకుని, వేలు రాస్తే గరగరలాడుతోంది. ఆయిల్ తీసేటప్పుడు పెడల్‌ను నేలకు తాకేదాకా తొక్కడంతో రబ్బరు కప్పు ఎన్నడూ వెళ్లని ఆ గరుకు మీదికి పదే పదే పోయి వచ్చింది. దాని అంచున గోటితో గీరినంత చిన్న కోత పడింది. ట్రాక్ మీద వచ్చిన జబ్బు ఆయిల్ మరగడం, దానికి చేసిన వైద్యంలో వచ్చినది ఈ రెండో జబ్బు. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటారు కదా. పాత కారుకు ఆయిల్ తీసేటప్పుడు పెడల్ కింద ఒక చెక్క ముక్క పెట్టి, ప్రయాణాన్ని సగంలోనే ఆపేస్తే ఈ ప్రమాదం రాదు. బాబాయి వచ్చేటప్పుడే సంచిలో అలాంటి చెక్క ముక్క తెచ్చుకున్నాడు.

కొత్త సిలిండర్‌ను కారుకు బిగించకముందే బల్ల మీద, వైస్‌లో బిగించి, దాని రంధ్రాల నుంచి రెండు చిన్న గొట్టాలను దాని డబ్బాలోకే వంచి, స్క్రూడ్రైవర్ పిడితో పిస్టన్‌ను మెల్లగా నెడుతూ బుడగలు ఆగేదాకా గాలి తీశాం. ఈ పని వదిలేసి నేరుగా బిగిస్తే, సిలిండర్‌లో చిక్కిన గాలి నాలుగు మీటర్ల గొట్టాల గుండా చక్రాల దాకా ప్రయాణం చేయాల్సి వస్తుంది, మధ్యలో ఏబీఎస్ యూనిట్‌లో మకాం పెడుతుంది. గొట్టాలు విప్పినప్పుడు ఆయిల్ కారింది కనుక ఏబీఎస్‌లోకి కాస్త గాలి పోయే ఉంటుందని, ల్యాప్‌టాప్‌కు డయాగ్నస్టిక్ కేబుల్ తగిలించి దాని పంపునూ వాల్వులనూ తిప్పించి, తరువాత కంపెనీ మాన్యువల్‌లో చెప్పిన వరసలో నాలుగు చక్రాల దగ్గరా ఆయిల్ తీశాం. అన్నిటికంటే దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టాలన్నది అందరి నోటా వినిపించే సూత్రమే అయినా, ప్రతి కారుకూ అది వర్తించదు; మాన్యువల్ ఏం చెబితే అది చేయడమే క్షేమం.

తొక్కు, పట్టు, వదులు. ఈ మూడు మాటలూ ఆ మధ్యాహ్నమంతా మా ఇంటి ముందు వినిపించాయి. "పట్టు" అన్నప్పుడు పెడల్ మీది కాలు కదలకూడదు. నిపుల్ బిగించకముందే కాలు ఎత్తితే బయటి గాలి లోపలికి పీల్చుకుంటుంది. "బాబాయ్, కాలు తీయకండి" అని నేను కింద నుంచి అరుస్తుంటే, "నలభై ఏళ్లుగా తీయలేదురా" అని పైనుంచి జవాబు వచ్చేది. చేతి వాక్యూమ్ పంపుతో ఒంటరిగా కూడా తీయవచ్చు కాని, అందులో ఒక భ్రమ ఉంది. నిపుల్ మర సందుల్లోంచి పంపు గాలిని లాగుతుంది, ఎంతసేపు తీసినా గొట్టంలో బుడగలు ఆగవు, కారు నిండా గాలే ఉందేమోనని భయపడతాం. ఇంకొకటి, బ్రేక్ ఆయిల్ పెయింటు మీద పడితే పెయింటును తినేస్తుంది. గుడ్డతో తుడవడం కాదు, వెంటనే నీళ్లు పోసి కడగాలి. నా కుడి ఫెండర్ అంచున అరచేయంత మచ్చ ఇప్పటికీ ఉంది.

మళ్లీ టేపు పట్టాం. 58 మి.మీ. వచ్చింది. పెడల్ ఇప్పుడు దిగడం లేదు, సుతారంగా పెట్టినా ఒకే చోట నిలుస్తోంది, కాని దాని ప్రయాణం ఇంకా పొడుగ్గానే ఉంది. నేనైతే అక్కడితో సరిపెట్టుకునేవాణ్ని. క్లాంపులు ఎలాగూ ఉన్నాయి కదా అని బాబాయి నాలుగు పైపులనూ మళ్లీ మూయించాడు. పెడల్ పైనే, రాయిలా ఉంది. అక్కడి నుంచి ఒక్కొక్క క్లాంపునే విప్పుతూ, ప్రతిసారీ కొలుస్తూ వచ్చాం. వెనక ఎడమ, వెనక కుడి, ముందు ఎడమ విప్పినప్పుడు పెడల్ కొద్ది కొద్దిగా దిగింది. ఏ కాలిపరైనా తన వంతు ఆయిల్ తీసుకుంటుంది కనుక అది సహజమే. ముందు కుడి క్లాంపు విప్పగానే మాత్రం, ముందు ఎడమ దిగినదానికి రెండింతలకు మించి దిగింది. జబ్బు చిరునామా దొరికినట్టే.

7 నంబర్ అలెన్ కీతో ఆ కాలిపర్ గైడ్ బోల్టులు విప్పాం. నా కారు కాలిపర్లు జారే రకం. పిస్టన్ ఒక వైపే ఉంటుంది, కాలిపర్ మొత్తం ఆ బోల్టుల మీద జరుగుతూ రెండో ప్యాడ్‌ను లాక్కొస్తుంది. బోల్టుల చుట్టూ ఉండే రబ్బరు బుష్షులు వేడికి గట్టిపడి, సాగి, కాలిపర్‌ను వాలనిస్తున్నాయి. ప్యాడ్ తీసి చూస్తే ఒక కొసన మందం 8 మి.మీ., రెండో కొసన 5. ఏటవాలుగా అరిగిపోయింది. ఇలాంటి ప్యాడ్‌ను పిస్టన్ నొక్కినప్పుడు అది ముందు వాలి, తరువాత డిస్కుకు సమంగా ఆనాలి. ఆ వాలడానికీ ఆనడానికీ మధ్య ఖర్చయ్యే ఆయిలే నా పెడల్‌లోని మిగిలిన పొడుగు. ఇందులో గాలి చుక్క కూడా లేదు, ఎన్ని సీసాల ఆయిల్ పోసినా ఇది పోయేది కాదు. ట్రాక్ మీది వేడి ఈ బుష్షుల పని ముగించిందో, అంతకు ముందే పోయాయో చెప్పడం కష్టం. బుష్షులు, ముందు ప్యాడ్ల జత కొత్తవి వేశాం. రెండో వైపు బాగానే ఉన్నా రెండు వైపులా మార్చాం, బ్రేకుల్లో ఒక వైపు కొత్త, ఒక వైపు పాత అన్నది ఎప్పుడూ మంచిది కాదు.

ఈ ఏడు వారాల్లో తెలిసినవాళ్లంతా నాకు ఇచ్చిన సలహాలు రెండు. స్టీలు అల్లిక పైపులు వేయించమన్నది ఒకటి, పెద్ద మాస్టర్ సిలిండర్ వేయించమన్నది రెండోది. మొదటిదానిలో నిజం లేకపోలేదు. పాత రబ్బరు పైపులు ఒత్తిడికి కొంత ఉబ్బుతాయి, స్టీలు అల్లిక ఆ ఉబ్బును ఆపుతుంది. అది బాగున్న పెడల్‌ను ఇంకాస్త పదును పెట్టే పనే కాని జబ్బు పడ్డ పెడల్‌కు మందు కాదు. రెండోదాన్ని మాత్రం నేను గట్టిగా వ్యతిరేకిస్తాను. 22 మి.మీ. సిలిండర్ బదులు 25 వేస్తే వైశాల్యం 29 శాతం పెరుగుతుంది. అదే ఆయిల్‌ను నెట్టడానికి పెడల్ తక్కువ దిగుతుంది, నిజమే. కాని అదే ఒత్తిడి పుట్టించడానికి కాలితో 29 శాతం ఎక్కువ బలం పెట్టాలి. కాలి కింద గట్టిగా తగిలిందని సంతోషిస్తాం, అరిగిన ప్యాడూ మరిగే ఆయిలూ ఎక్కడివక్కడే ఉంటాయి. డాట్ 5 అని రాసి ఉన్న సిలికోన్ ఆయిల్ వేయించమన్న మూడో సలహా కూడా ఒకరు ఇచ్చారు. అంకె పెద్దదైతే మంచిదన్న లెక్క కాబోలు. అది గ్లైకాల్ ఆయిల్‌తో కలవదు, ఏబీఎస్ ఉన్న కారుకు తగదు. డాట్ 5.1 వేరే; అది గ్లైకాల్ జాతిదే, పేరు పోలికే గందరగోళం.

గాలే కారణమైన కార్లూ ఉంటాయి, కాదనను. ఒక మిత్రుడు తన కారుకు పెద్ద కాలిపర్లు వేయించుకుంటే పెడల్ ఎన్నిసార్లు ఆయిల్ తీసినా స్పాంజిలాగే ఉండేది. ఎడమది కుడికి, కుడిది ఎడమకు బిగించారు. నిపుళ్లు పైన ఉండవలసినవి కింద ఉన్నాయి. గాలి పైకే చేరుతుంది కనుక కింది నిపుల్ నుంచి ఎప్పటికీ రాదు. కాలిపర్లు మార్చి బిగించాక పది నిమిషాల్లో పెడల్ బాగయింది. అతను చాలా రోజులు ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

కొత్త ప్యాడ్లను మెల్లమెల్లగా వేడి చేస్తూ డిస్కుకు అలవాటు చేయడానికి తెల్లవారుజామున ఖాళీ రోడ్డు మీద 60 నుంచి 15కి పదిసార్లు, తరువాత 80 నుంచి 20కి ఇంకొన్నిసార్లు, ఎక్కడా పూర్తిగా ఆగకుండా బ్రేకు వేసి, చివర పావుగంట బ్రేకు ముట్టకుండా నడిపి ఇంటికి తెచ్చాను. చల్లారాక టేపు పట్టి కొలిస్తే 46 మి.మీ. కాగితం మీద 74, 58ల కింద ఆ అంకె వేసి బాబాయికి ఫోటో పంపాను. ఆయన మరుసటి ఆదివారం వచ్చి, బానెట్ ఎత్తి, ఆయిల్ డబ్బా మూత పక్కన తెల్ల ప్లాస్టరు ముక్క అంటించి, డిపోలో బస్సుల మీద రాసినట్టే పెద్ద అక్షరాలతో ఆయిల్ మార్చిన తేదీ, దాని కింద రెండేళ్ల తరువాతి తేదీ రాశాడు. ట్రాక్‌కు పోతే ఆ తేదీ చెల్లదనీ, పోయి వచ్చిన వెంటనే మార్చాలనీ ఇంకో చిన్న గీత కింద రాశాడు. చెక్క ముక్కను నా టూల్‌కిట్‌లోనే వదిలిపెట్టి వెళ్లాడు.